ధూమశకటముల కడపటి గతి

ధూమశకటమను పేరు నేడు మన పిల్లలకు పుస్తకములలో మాత్రమే వినవచ్చుచున్నది. ఒకరి వెనుక నొకరు చొక్కాలు పట్టుకొని ‘చుకుచుకు’ మనుచు వారు వీధులలో ఆడుకొందురు గాని, ఆ చప్పుడు చేసిన యంత్రము నడచుచుండగా చూచినవారు వారిలో లేరు. చూచినవారును ఏ రైల్వే కార్యాలయపు ముంగిటనో సిమెంటు దిమ్మెపై, నల్లరంగు పూసికొని, కదలక మెదలక నిలిచియున్నదానిని చూచినవారే. మన దేశమున బ్రాడుగేజి మార్గముపై నిత్యప్రయాణికులను లాగిన కడపటి ఆవిరియంత్రము 1995వ సంవత్సరము డిసెంబరు నెలలో విశ్రమించినది. మీటరుగేజి మార్గములపై మిగిలినవియు 2000 నాటికి మూలబడినవి. వేలకొలది యంత్రములు పాత ఇనుము క్రింద తూకమునకు పోయినవి. పోగా మిగిలిన కొన్నిటిని ఎట్లు కాపాడవలయునను విషయమును సోదరీమణుల యెదుట ఉంచదలచితిమి. ఇనుపముక్కల సంగతి ఇల్లాండ్రకేల యని నవ్వువారుందురు. నిప్పు, నీరు, ఆవిరి అను మూటితో దినమెల్ల మెలగువారము మనమే గదా!

మా హయత్‌నగరునకు రైలుమార్గము లేదు. గోలకొండ నేలిన మహమ్మదు కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బక్షీ బేగము పేర వెలసిన ఈ ఊరు బెజవాడ రాజమార్గముపై నున్నది. మెట్రోబండి 2018లో ఎల్.బి. నగరు వరకు వచ్చి అచ్చటనే ఆగినది. ఊరికి తూర్పున, 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీలో మాత్రము చలనచిత్రముల కొరకు కట్టిన రైలుస్టేషను ఒకటి కలదు. కథను బట్టి దాని పేరు మారుచుండును. మా వారి బడిపిల్లలను అడిగినపుడు స్టేషననగా వారు మొదట చెప్పునది దానినే. మయసభ వంటి ఆ తావును మేము తప్పుపట్టము. వినోదమునకు కట్టినది వినోదమునకే యుండును. అయితే నిజమైన రైలుకథయు మాకు దూరమున లేదు.

సికింద్రాబాదు నుండి వాడి వరకు నిజాము రాజ్యపు మొదటి రైలుమార్గమును 1874లో తెరచిరి. దానితో హైదరాబాదునకు బొంబాయి, మదరాసు నగరములతో సంబంధ మేర్పడెను. 1889లో మార్గము బెజవాడ దాక సాగినది. యంత్రములు బాగుచేయుటకు లాలాగూడాలో 1893లో కర్మాగారము పుట్టినది. కాచిగూడలో గుమ్మటముల స్టేషను 1916లో లేచినది. ఇన్ని బండ్లకు బొగ్గెచ్చటిదందురా? విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకములు మొదలాయెను. నేడు సింగరేణి యని మనము పిలుచుకొను సంస్థకు అదియే బీజము. మన నేల బొగ్గు, మన యేటి నీరు, మన కార్మికుల చేతులు కలసి నడిపిన బండి యది. యంత్రము మాత్రము సీమనుండి ఓడపై వచ్చెడిది.

ఇక యంత్రము కడుపులోని మర్మమును చెప్పెదము. పాత ఇండ్ల స్నానపుగదులలో రాగిబాయిలరు ఉండెడిది. నడుమ గొట్టములో కట్టెలు మండును. చుట్టును నీరు కాగును. రైలుయంత్రపు బాయిలరును అట్టిదే. అయితే దానిలో ఒక్క గొట్టమునకు బదులు అనేకమైన సన్నగొట్టములు నీటి నడుమనుండి పోవును. పొయ్యిలోని వేడిగాలి ఆ గొట్టముల గుండా పరుగెత్తి ముందరి పొగగొట్టము చేరులోపల నీరు మరిగి ఆవిరి యగును. మూతపెట్టిన పాత్రలో ఆవిరికి చోటు చాలక బలము వచ్చును. ఆ బలము సిలిండరులోని పిస్టనును ముందునకు వెనుకకు త్రోయగా చక్రములు తిరుగును. పని తీరిన ఆవిరి పొగగొట్టము గుండా ఎగయుచు పొయ్యిలోని గాలిని తనవెంట లాగును. బండి ఎంత శ్రమించిన పొయ్యి అంత రాజుకొనును. ‘చుకుచుకు’ చప్పుడు ఆ విడిచిన ఆవిరిదే. ఊదుగొట్టము పట్టి కన్నీరు కార్చిన వారికి ఈ యుక్తి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి యంత్రమునకు ముఖ్యశత్రువు మన వంటింట నున్నదే. ఉప్పునీరు కాచిన పాత్ర అడుగున తెల్లని గార కట్టును గదా! బాయిలరులోను అట్లే కట్టును. గారకట్టిన లోహమునుండి వేడి నీటికి అందదు. లోహము కాలి బలహీనమగును. అందుచే తరచుగా బాయిలరును చల్లార్చి, లోపల కడిగి, గొట్టముల నొక్కొక్కటిగా పరీక్షించి, చెడినవానిని మార్చవలయును. నీరు మట్టము తగ్గి పొయ్యి నెత్తి బయల్పడెనా, ప్రాణాపాయమే. అందుకే పొయ్యికప్పులో సీసముతో నింపిన బిరడా నొకదానిని ఉంచుదురు. నీరు తగ్గినచో సీసము కరగి, ఆవిరి క్రిందికి చిమ్మి నిప్పు నణచును. రైలుపనిలో తలనెరసి విశ్రాంతి గొన్న ఒక వృద్ధుడు మా వాడకట్టున నుండెడివాడు. “నీళ్లద్దం మీదికెల్లి కన్ను తీస్తే కత ఒడిసినట్టేనమ్మా” అని ఆయన చెప్పెడివాడు. ఆ విద్యను ఆయన ఏ పుస్తకమునను చదువలేదు. పదియేండ్లు పారపట్టి బొగ్గు వేసి నేర్చెను. ఆయన కుమారులలో దానిని నేర్చినవారు లేరు. నేర్చి యేమి చేయుదురు?

మా మాట యిచ్చటనే యున్నది. దిమ్మెపై నిలిపిన యంత్రమున ఇనుము మిగులును. దానిని నడపు విద్య మిగులదు. నిజమునకు ఇనుమును సరిగా మిగులదు. రంగు పైపైన మెరయుచుండగా లోపల చేరిన వాననీరు రేకులను తినివేయును. ఇత్తడి కుళాయిలును రాగిగొట్టములును దొంగల కంటబడును. తాళింపు వాసన కూడ సోకని పాత్రలను అద్దాల బీరువాలో పెట్టి ‘మా అమ్మమ్మ వంట’ యని చూపినట్లుండును.

దిమ్మె దిగి మరల నడచిన యంత్రము లేకపోలేదు. ‘ఫెయిరీ క్వీన్’ అను యంత్రమును 1855లో ఇంగ్లాండు దేశపు లీడ్సు నగరమున చేసిరి. అది 1909లో పని మాని హౌరాలో ఏండ్ల తరబడి ఎండకు వానకు నిలిచినది. పిమ్మట ఢిల్లీలోని రైలు ప్రదర్శనశాల చేరినది. దానికి మరల బాయిలరు కుదిర్చి 1997లో ఢిల్లీనుండి రాజస్థానములోని ఆల్వారు వరకు పర్యాటకుల బండికి పూన్చిరి. మరుసటి యేడు, ప్రపంచమున పనిచేయుచున్న యంత్రములలో అతిప్రాచీనమైనదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. నడుమ దొంగలు దాని భాగములను ఊడదీసికొని పోగా మదరాసులోని పెరంబూరు కర్మాగారమున తిరిగి బాగుచేసిరి. హర్యానాలోని రేవారిలో ఒక పాత ఆవిరిషెడ్డునే నిలుపుకొని అచ్చట కొన్ని యంత్రములను నడచు స్థితిలో నుంచినారు. వానిలో ‘అక్బర్’ అనునది హిందీ చిత్రములలోను నటించి తన తిండి కొంత తానే సంపాదించుకొనుచున్నది.

మాకు మిక్కిలి నచ్చినది మాత్రము నీలగిరి బండి. మేట్టుపాళయమునుండి కూనూరు వరకు 1899లో, ఉదకమండలము వరకు 1908లో సాగిన ఈ మార్గము నలువదియారు కిలోమీటర్లు. కొన్నిచోట్ల పన్నెండడుగులు నడచిన ఒక యడుగు ఎత్తెక్కవలయును. నునుపైన పట్టాపై ఇనుపచక్రము అంతటి యెత్తున జారిపోవును. కావున రెండు పట్టాల నడుమ పండ్లుగల ఇనుపకమ్ములు రెండు పరచినారు. యంత్రము క్రిందనున్న పండ్లచక్రములు వానిని పట్టుకొని మెట్టుమెట్టుగా ఎక్కును. ఒక కమ్మిపంటికి ఎదురుగా రెండవ కమ్మి సందు వచ్చునట్లు కూర్చుటచే ఏ క్షణముననైనను ఒక పన్ను పట్టుగానే యుండును. సిలిండరులు నాలుగు: రెంటిలో ఒకమారు పనిచేసిన ఆవిరినే వృథాపుచ్చక తక్కిన రెంటిలోనికి పంపి పండ్లచక్రములను త్రిప్పుదురు. పప్పు వార్చిన కట్టునే చారు కాచినట్లు! యంత్రము ముందుండి లాగదు. వెనుకనుండి పెట్టెలను కొండమీదికి త్రోయును.

ఈ యంత్రములను మొదట స్విట్జర్లాండులో చేసిరి. అవి అరిగిపోగా ఏమి చేయవలయునను ప్రశ్న వచ్చినది. డీజిలుయంత్రములు పెట్టుట సులువు. కూనూరునకు పైన, పండ్లకమ్మి లేని భాగమున డీజిలు వచ్చియున్నది కూడ. కాని నిట్టనిలువు భాగమున ఆవిరినే నిలుపదలచి, తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ కర్మాగారమువారు 2011 నుండి క్రొత్త ఆవిరియంత్రములను నిర్మించిరి. ఇది మ్యూజియము కట్టుటకంటె ఎంతో గొప్పపని. నిర్మించుటలో ఫిట్టరులు నేర్చిరి. నడపుటలో డ్రైవరులు నేర్చిరి. 2005లో యునెస్కోవారు ఈ మార్గమును ప్రపంచవారసత్వమున చేర్చిరి. డార్జిలింగు మార్గమునకు 1999లోనే ఆ గౌరవము లభించినది. అచ్చటి చిన్నయంత్రముల జాతి 1889 నాటిది.

పరదేశములందును ఇట్టి ప్రయత్నములు కలవు. వేల్సు దేశమున టాలిల్లిన్ అను చిన్నమార్గము మూతబడనున్నప్పుడు సామాన్యులు సంఘముగా చేరి 1951 నుండి తామే నడుపుచున్నారు. జీతము లేకయే టిక్కెట్లమ్మువారు, బొగ్గువేయువారు అందున్నారు. అమెరికాలో కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రములు రెండును కలసి 1970లో ఒక కొండమార్గమును యంత్రములతో సహా కొని పర్యాటకుల కొరకు నిలిపినవి.

నడపిన యంత్రము అరుగును, అరిగిన భాగము మార్చిన అది పాతయంత్రమెట్లగునని పండితులు వాదింతురు. గుడి రథమునకు చక్రము మార్చినంత మాత్రమున అది వేరొక దేవుని రథమగునా? అయినను ఒక మాట ఒప్పుకొనవలయును. ఒక జాతిలో ఒక్క యంత్రమే మిగిలియున్నచో దానిని మార్పుచేయక కప్పు క్రింద భద్రపరచుటయే మేలు. వాల్తేరు వరకు వ్యాపించిన బెంగాల్ నాగపూర్ రైల్వేవారి గారట్ మహాయంత్రము ఒకటి ఢిల్లీ ప్రదర్శనశాలలో నున్నది. అంతటి భారమును పట్టాలపై త్రిప్పుమని మేము కోరము. పొగ సంగతియు దాచరానిది. కిటికీ ప్రక్క కూర్చున్నవారి కంట బొగ్గునలుసు పడుటయు, ఇల్లు చేరి చీరలుదికిన నీరు నల్లబారుటయు మా అత్తగారు నేటికిని చెప్పుదురు. నిత్యప్రయాణమునకు విద్యుత్తుబండియే సుఖము. వారమున కొకమారు కొద్దిదూరము నడచు బండి మాట వేరు.

మన రెండు తెలుగు రాష్ట్రములలో అట్లు నియమముగా పర్యాటకులకై నడచు ఆవిరిబండి లేదు. అరకు దారిలో 2017 నుండి అద్దాలపెట్టె నడచుచున్నది. అందమైనదే, కాని దానిని లాగునది విద్యుత్తు. 1874 నాటి వాడి మార్గము అనంతగిరి కొండలకు నిలయమైన వికారాబాదు మీదుగనే పోవుచున్నది. దానిపై బండ్ల రద్దీ ఎక్కువ, పైన విద్యుత్తు తీగలు. అట్లయినను సెలవుదినముల వేకువన ఒక చిన్నబండికి సందు దొరకదా? లాలాగూడా వంటి నూటముప్పది యేండ్ల కర్మాగారము, సింగరేణి బొగ్గు, ఆ పని తెలిసిన కొందరు వృద్ధులు మనకున్నారు. మొదటి రెండును ఇంకను కొన్నాళ్లు నిలుచును. వృద్ధుల విషయమున అట్లనలేము. మా పొరుగు వృద్ధుడు గడచిన మాఘమున గతించెను.

ఈలోగా చూడగోరు సోదరీమణులు కోయంబత్తూరు మీదుగా మేట్టుపాళయము చేరవలయును. బండి ఉదయము ఏడుగంటల ప్రాంతమున బయలుదేరును. స్థలము చాల ముందుగా రిజర్వు చేసికొననిదే దొరకదు. ఎక్కునపుడు ఎడమప్రక్క కూర్చుండిన లోయలు బాగుగ కనబడును. పైన చలి యుండును గనుక పిల్లలకు ఉన్నిదుస్తులు మరువరాదు; తెల్లచీర మాత్రము కట్టుకొనరాదు. దారిలో హిల్‌గ్రోవు అనుచోట యంత్రము నీరు త్రాగుటకు ఆగును. అందరును తేనీటికై పరుగెత్తుదురు. తేనీరు తరువాత చూచుకొనవచ్చును. ముందు పిల్లలను వెంటబెట్టుకొని బండి చివరకు పోయి, దూరముగ నిలిచి, పొయ్యితలుపు తెరచునపుడు లోపలి మంటను చూపుడు.