స్టేట్స్ ఆఫ్ కేయాస్

స్టేట్స్ ఆఫ్ కేయాస్ 2021లో గాడ్‌లెస్ అనే సంగీత బృందం వెలువరించిన ఆంగ్ల గీతాల ఆల్బమ్. త్రాష్ మెటల్, డెత్ మెటల్ అనే రెండు రాక్ సంగీత శాఖల మేళవింపు ఇందులో వినిపిస్తుంది. ఏ సంగీత కంపెనీ అండా లేకుండా బృందమే దీనిని స్వతంత్రంగా విడుదల చేసింది.

నేపథ్యం

గాడ్‌లెస్ 2015లో హైదరాబాదులో ఏర్పడింది. సభ్యులు హైదరాబాదు, బెంగుళూరు నగరాలకు చెందినవారు. గాయకుడు కౌశల్ ఎల్.ఎస్. దీనికి ముందు సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్ (2016), స్వార్మ్ (2018) అనే రెండు చిన్న సంకలనాలు వచ్చాయి. 2017లో ఈ బృందం జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో పాల్గొన్నది.

జంటనగరాలకు పాశ్చాత్య సంగీతం కొత్త కాదు. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి నేటికీ ఉన్నది. కంటోన్మెంటులో చర్చి గీతాలు, సైనిక బ్యాండు మేళాలు తరతరాలుగా పరిచితమే. అయితే మెటల్ సంగీతం ఆ దారిన వచ్చినది కాదు. క్యాసెట్ల ద్వారా, తరువాత సీడీలు, అంతర్జాలం ద్వారా యువకులు తమంతట తాము తెచ్చుకున్నది.

సంగీత లక్షణాలు

త్రాష్ 1980ల తొలినాళ్ళలో అమెరికాలో రూపుదిద్దుకున్నది. మెటాలికా వారి కిల్ ఎమ్ ఆల్ (1983), స్లేయర్ వారి రెయిన్ ఇన్ బ్లడ్ (1986) దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు. వాద్యకారుడు అరచేతి అంచును గిటారు తీగలపై ఆనించి మీటడం వలన మ్రోత తెగి, గుర్రపు డెక్కల చప్పుడువలె వేగంగా సాగుతుంది. డెత్ అనే బృందం స్క్రీమ్ బ్లడీ గోర్ (1987)తో ప్రాచుర్యం పొందిన డెత్ మెటల్‌లో తీగలను మామూలు శ్రుతికంటే దించుతారు. డ్రమ్ములలో పెద్దదానిని రెండు పాదాలతోనూ వాయిస్తారు. గాయకుడు రాగం తీయక గుర్రుమనే కంఠధ్వనితో పదాలు పలుకుతాడు. ఇది కేవలం అరుపు కాదు. ఊపిరిపై పట్టు లేనివారికి గొంతు చెడుతుంది, కావున దీనికీ సాధన అవసరమే.

ఈ ఆల్బమ్‌లో త్రాష్ వేగం ముందుకు నెట్టగా డెత్ మెటల్ బరువు వెనుకకు లాగుతుంది. వినేవారికి ఆనందం కలిగించేది ఈ పెనుగులాటే. నాదం మొరటుగా ఉన్నా వాదనలో తాళం తప్పదు. కొత్తవారు మొదట డ్రమ్ములను మాత్రమే అనుసరిస్తే, గజిబిజిగా తోచినదానిలో క్రమం తెలియవస్తుంది. బృందం పేరు చూసి వెనుకాడనక్కరలేదు, ఇటువంటి పేర్లు ఈ శాఖలో తొలినుండీ పరిపాటి.

స్వతంత్ర విడుదల

తెలుగునాట సంగీత వ్యాపారమంతా సినిమా పాట చుట్టూ తిరుగుతుంది. అందులో ఆంగ్ల మెటల్‌కు చోటు దాదాపు లేదు. స్వతంత్ర బృందాలలో సాధారణంగా స్టూడియో అద్దె మొదలు ముఖచిత్రం వరకు ఖర్చు సభ్యులే భరిస్తారు. శ్రోతలు తక్కువ, అందునా వేరు వేరు దేశాలలో చెదరి ఉంటారు. ప్రతిఫలంగా పాట నిడివిని గాని, గొంతు తీరును గాని మార్చమనేవారు ఉండరు. ఆల్బమ్‌లోని మొరటుదనం చెక్కుచెదరకుండా నిలిచినది ఈ స్వేచ్ఛ వలననే.