వెళ్లిపోయినవారి సగం పాట: పూర్తి చేయొచ్చా, ఎవరిని అడగాలి?

ఒక్కసారి ఇలా అనుకుందాం. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద సాయంత్రాలు కూర్చుని గజళ్లు పాడుకున్న నలుగురు దోస్తులు. ఒకాయన గిటార్, ఒకాయన తబలా, ఇంకొకాయన హార్మోనియం. నాలుగో ఆయనదే గొంతు. చదువులయ్యాక ఒకరు జిద్దా వెళ్లారు, ఒకరు చికాగో వెళ్లారు, ఇద్దరు తార్నాకలోనే ఉండిపోయారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పాడే దోస్తు ఇంతెకాల్ అయ్యారు. అల్మారా సర్దుతుంటే ఆయన బేగంకు ఒక క్యాసెట్ దొరికింది. ఆయనే రాసి, బాణీ కట్టుకుని, సగంలో ఆపేసిన గజల్ అందులో ఉంది. వెనకాల ఫ్యాన్ చప్పుడు, రోడ్డు మీద బస్సు హారన్. ఆమె ఆ క్యాసెట్‌ను మిగతా ముగ్గురి ముందు పెట్టి, "భాయ్‌సాబ్, దీన్ని మీరే పూర్తి చేయాలి" అన్నారు.

ఇది మనం ఊహించుకున్న కథ. కానీ ప్రపంచంలోకెల్లా పేరున్న బ్యాండ్ విషయంలో దాదాపు ఇలాగే జరిగింది. ఆ పని ఎలా చేశారు, మన హైదరాబాద్‌లో అలాంటి పనికే లీగల్ నోటీసు ఎందుకు వచ్చింది, మన ఇళ్లలోని పాత క్యాసెట్లకు దీంతో సంబంధం ఏంటి అన్నది చూద్దాం.

బీటిల్స్ క్యాసెట్ కథ

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కు చెందిన బీటిల్స్ బ్యాండ్ 1970లో విడిపోయింది. అందులోని జాన్ లెనన్ 1970ల చివర్లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో పియానో వాయిస్తూ కొన్ని పాటలను మామూలు క్యాసెట్ రికార్డర్ మీద పాడి పెట్టుకున్నారు. తర్వాత మెరుగుపెడదామని చేసుకునే ఇలాంటి ముడి రికార్డింగ్‌నే డెమో అంటారు. 1980 డిసెంబర్ 8న ఆయన హత్యకు గురయ్యారు.

1994లో ఆయన భార్య యోకో ఓనో ఆ డెమోలను పాల్ మెకార్ట్నీకి అందజేశారు. మిగిలిన ముగ్గురు, అంటే పాల్, జార్జ్ హ్యారిసన్, రింగో స్టార్, మళ్లీ ఒకచోట కూర్చున్నారు. లెనన్ గొంతు చుట్టూ తమ గొంతులు, వాద్యాలు కలిపి రెండు పాటలు పూర్తి చేశారు. 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్' 1995లో, 'రియల్ లవ్' 1996లో విడుదలయ్యాయి.

'నౌ అండ్ దెన్' అనే మూడో పాట దగ్గర మాత్రం పని ఆగిపోయింది. క్యాసెట్‌లో కరెంటు గుంయ్ శబ్దం ఉంది. అంతకంటే పెద్ద చిక్కు ఏంటంటే, పియానో, గొంతు రెండూ ఒకే రికార్డింగ్‌లో కలిసిపోయాయి. గొంతు పెంచితే పియానో కూడా పెరిగేది. పాలు, చక్కెర కలిపేసిన చాయ్‌లోంచి మళ్లీ పాలు వేరు చేయమన్నట్టు ఉంది పరిస్థితి. పక్కన పెట్టేశారు. 2001 నవంబర్‌లో జార్జ్ కూడా కన్నుమూశారు.

ఏఐ చేసిన పని ఏంటి?

దారి చూపింది ఒక డాక్యుమెంటరీ. బీటిల్స్ పాత ఫిల్మ్ రీళ్లతో దర్శకుడు పీటర్ జాక్సన్ తీసిన 'గెట్ బ్యాక్' 2021లో వచ్చింది. దాని కోసం ఆయన బృందం ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుంది. మనిషి గొంతు ఎలా ఉంటుంది, గిటార్ ఎలా ఉంటుంది, డ్రమ్ ఎలా ఉంటుంది అని కంప్యూటర్‌కు నేర్పిస్తే, కలిసిపోయిన ధ్వనిలోంచి ఒక్కోదాన్ని విడదీస్తుంది. లెనన్ క్యాసెట్‌ను దానికి ఇస్తే పియానో ఒక పక్కకు, గొంతు ఒక పక్కకు వచ్చాయి.

ఆ శుభ్రమైన గొంతుకు, 1995లో జార్జ్ వాయించి ఉంచిన గిటార్‌కు, పాల్, రింగో కొత్తగా తమ వంతు కలిపారు. 2023 నవంబర్ 2న పాట విడుదలైంది. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 2025లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది.

ఈ పాటలో ఏఐ వాడామని 2023 జూన్‌లో మెకార్ట్నీ చెప్పగానే, లెనన్ గొంతును మెషీన్‌తో పుట్టించారని చాలామంది అనుకున్నారు. అలా కాదని, కృత్రిమంగా తయారు చేసినది ఏమీ లేదని ఆయన వివరణ ఇవ్వాల్సి వచ్చింది. మనం గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇదే. ఉన్న గొంతు మీద దుమ్ము తుడవడం ఒకటి. లేని గొంతును తయారు చేయడం ఇంకొకటి. మొదటిదానిలో వెళ్లిపోయిన మనిషి నిజంగా పాడిన మాటే మనకు వినిపిస్తుంది. రెండోదానిలో ఆయన ఎన్నడూ అనని మాటను ఆయన నోట పెడతాం.

అలాగని మొదటి పని కూడా పూర్తిగా చేతులు కడుక్కునేది కాదు. లెనన్ డెమోలోని ఒక భాగాన్ని విడుదలైన పాటలో వదిలేశారు. కొందరు అభిమానులకు అది నచ్చలేదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు, పాడినవారు లేరు కాబట్టి వారిని అడగలేం. అందుకే ఆ నిర్ణయం ఎవరి చేతుల్లో ఉందన్నది ముఖ్యం. అక్కడ క్యాసెట్ ఇచ్చింది స్వయంగా భార్య. పూర్తి చేసింది కుర్రతనం నుంచి కలిసి వాయించిన స్నేహితులు. జార్జ్ కుటుంబం కూడా ఒప్పుకుంది.

మరుసటి రోజే హైదరాబాద్ సినిమా

'నౌ అండ్ దెన్' వచ్చిన మరుసటి రోజు, 2023 నవంబర్ 3న, తెలుగు సినిమా 'కీడా కోలా' విడుదలైంది. అందులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో తయారు చేసి వాడారని, కుటుంబాన్ని అడగలేదని ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ 2024 జనవరిలో నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లీగల్ నోటీసు పంపారు. క్షమాపణ, నష్టపరిహారం కోరారు. బాలు గారు 2020 సెప్టెంబర్ 25న కన్నుమూశారు. చరణ్ టెక్నాలజీని తప్పు పట్టలేదు. తమకు తెలియకుండా, అనుమతి లేకుండా వాడటమే బాధ అన్నారు.

అదే 2024 జనవరిలో ఏఆర్ రెహమాన్ ఇంకో దారి చూపించారు. 'లాల్ సలామ్' సినిమాలోని ఒక పాటకు ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఏఐతో మళ్లీ వినిపించారు. ఒకరు ప్రమాదంలో చనిపోయిన షాహుల్ హమీద్, మరొకరు 2022లో చనిపోయిన బంబా బాక్యా. రెండు కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని రెహమాన్ ప్రకటించారు. ఇది కూడా గొంతును తయారు చేయడమే. కానీ ఇంటివాళ్లకు ముందే చెప్పారు, వాళ్లకు రావాల్సింది ఇచ్చారు, వినేవాళ్ల దగ్గర దాచలేదు.

చట్టం ఏమంటోంది?

ఇక్కడ రెండు విషయాలు వేరుగా చూడాలి. ఒకటి పాట, రెండు గొంతు.

పాట విషయంలో కాపీరైట్ చట్టం స్పష్టంగానే ఉంది. రాసినవారు, బాణీ కట్టినవారు చనిపోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అది వారసులకు వెళ్తుంది. పాడిన ప్రదర్శన మీద గాయకుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అంటే మన కథలోని గజల్‌ను దోస్తులు విడుదల చేయాలంటే బేగం ఒక్కరి మాట చాలకపోవచ్చు, వారసులందరూ ఒప్పుకోవాలి.

గొంతు విషయంలో అంత స్పష్టత లేదు. బతికున్నవారికి కోర్టులు అండగా ఉన్నాయి. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా ఏఐతో నకలు చేయొద్దని 2024 జూలైలో బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చనిపోయినవారి సంగతి వేరుగా ఉంది. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో, అలాంటి వ్యక్తిగత హక్కులు మనిషితోనే ముగిసిపోతాయని 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. కాబట్టి మర్హూమ్‌ల గొంతును ఎవరైనా వాడుకుంటే కోర్టులో గెలుస్తామన్న గ్యారంటీ లేదు. ఇంట్లోవాళ్లే ముందుగా జాగ్రత్త పడాలి.

మీ ఇంట్లో క్యాసెట్ ఉంటే

దాదాజాన్ చదివిన నాత్, అబ్బా పాడిన గజల్, అమ్మీ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్. పెద్ద గాయకులవి కాకపోయినా అవన్నీ అమానత్‌లే.

- క్యాసెట్‌ను ఉన్నపళంగా పాత టేప్ రికార్డర్‌లో పెట్టొద్దు. హైదరాబాద్ వానాకాలం తేమకు టేపు మీద బూజు పడుతుంది. తెల్లటి మచ్చలు కనిపిస్తే తెలిసినవారితో శుభ్రం చేయించండి.
- కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు డబ్ల్యూఏవీ ఫైల్‌గా దాచండి. ఎంపీ3 చిన్నదవుతుంది కానీ ధ్వనిలో కొంత పోతుంది. ఎవరిది, ఎప్పటిది, ఎక్కడ పాడింది అన్నది ఫైల్ పేరులోనే రాయండి.
- శుభ్రం చేసే పనంతా కాపీ మీదే చేయండి. ఫ్యాన్ చప్పుడు ఉన్న అసలు ఫైల్ అలాగే ఉండాలి. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ రావచ్చు.
- పోయినవారి వాయిస్ మెసేజ్‌లను తెలియని ఉచిత యాప్‌లలో అప్‌లోడ్ చేయొద్దు. మోసగాళ్లు గొంతు నకలు చేసి చుట్టాలకు ఫోన్ చేసి డబ్బులు అడుగుతున్న రోజులివి.
- పాట పూర్తి చేయాలనుకుంటే అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు అందరినీ అడగండి. ఒక్కరు వద్దన్నా ఆగండి. ఒప్పుకున్న సంగతి కాగితం మీద రాసి పెట్టుకోండి.
- బయట పెట్టేటప్పుడు ఏ భాగం ఆయన పాడింది, ఏది మీరు కలిపింది, ఏఐ ఎక్కడ వాడారు అన్నది చెప్పండి.

మన తార్నాక దోస్తులకు కూడా ఇదే దారి. ఫ్యాన్ చప్పుడు తీసేయించవచ్చు. తబలా, గిటార్, హార్మోనియం కలపవచ్చు. కానీ ఆయన రాయకుండా వదిలేసిన షేర్ దగ్గరకు వచ్చినప్పుడు ఆయన గొంతును తయారు చేయించాల్సిన పని లేదు. అక్కడ గజల్‌ను ఆపేయొచ్చు. లేదా ముగ్గురిలో ఒకరు తన సొంత గొంతుతో అందుకోవచ్చు. పాట కాస్త బేసురుగా రావచ్చు. కానీ విన్న ఆయన పిల్లలకు ఎక్కడివరకు అబ్బా, ఎక్కడినుంచి అబ్బా దోస్తులు అన్నది తెలిసిపోతుంది.