పాత బుల్లెట్టు మెడ

మదరాసున 1955లో నెలకొన్న ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీవారి పాత బుల్లెట్టు బండ్లు నేటికిని మన బాటలపై తిరుగుచున్నవి. అట్టి బండి తిన్నని బాటను సైతము మెలికలు తిరిగినయెడల అనేకులు టైరులోని గాలిని నిందింతురు. దోషము తరచుగా మెడయం దుండును.

మెడకు పైనొకటి, క్రిందనొకటి ఉక్కుగిన్నెలును, వానిలో పావు అంగుళపు గుండ్లు 19 చొప్పునను గలవు. బండి మిక్కిలిగా తిన్ననే పోవును గనుక గోతుల దెబ్బలన్నియు ఆ గుండ్లు నిలిచిన చోట్లనే తగిలి, గిన్నెలలో గుంటలు పడును. అంతట హాండిలు నడుమ చిక్కుకొనును. మలుపున నిది ప్రాణాపాయము. కొందరు నట్టును బిగించి తృప్తినొందుదురు. గుండ్లు గుంటలలో మరింత యిరుకుటయే దాని ఫలము. గుండ్లను మాత్రము మార్చుటయు వ్యర్థమే. కోన్‌సెట్టు యావత్తు మార్చవలెను.

మేము ఇంజను క్రింద దిమ్మె నుంచి, చక్రమును ఫోర్కును ఊడదీసితిమి. ముందుగా గుడ్డ పరచవలసినది. పరచక, మూడు గుండ్లకై గది యంతయు వెదకితిమి. పాతగిన్నెలను లోపలినుండి ఇరుప్రక్కల మార్చిమార్చి మెల్లగా కొట్టి వెడలింపవలెను. క్రొత్తవి వంకరగా కూర్చున్నచో శ్రమ వృథా. కూర్చునపుడు గుండ్లు జారకుండ గ్రీజు పట్టియుంచును.

కష్టమంతయు తుదిబిగింపునందే. చక్రము నేలకు తగులకుండగా ఫోర్కును ముందువెనుకల కూపిన కదలరాదు. హాండిలును వ్రేలితో తాకిన తన బరువుచేతనే ఏ ప్రక్కకైనను వ్రాలవలెను. కొన్ని మైళ్లు నడిపినపిదప మరల నొకసారి చూచుకొనవలెను.