అడ్డపొగ అంగిలికి వెలుగు వైద్యం

శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల్లో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతిలో పనీ ఆగదు. కాలేది మాత్రం అంగిలి. విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడని రోజుల్లో, 1971లో, పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించిన వివరాలు ప్రచురించింది. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే!

అలాంటి అంగిలిని టార్చి వేసి చూస్తే తెల్లగా మందమెక్కి, లాలాజల గ్రంథుల నోళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల నలుపు, కొన్నిచోట్ల రంగు పోయిన మచ్చలు. అన్నిటికన్నా అనుమానించాల్సింది ఎర్రగా పచ్చిపుండులా ఉండే మచ్చను. క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు.

ఇలాంటి మచ్చలపై ప్రయత్నించిన ఒక వైద్యం చర్మ వైద్యం నుంచి వచ్చింది. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు తెల్లజాతివారిలో ఎక్కువ. మనకు మెలనిన్ కాపలా ఉంది కనుక అవి అరుదు. వాటికి వాడే వెలుగు వైద్యమే ఫోటోడైనమిక్ థెరపీ. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, అక్రిడిన్ రంగు కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుతురు పడితే చస్తున్నాయని ప్రకటించాడు. 1903లో ఆయన గురువు టప్పైనర్, యెజియోనెక్‌తో కలిసి ఇయోసిన్ పూసి, వెలుతురు పెట్టి చర్మపు గడ్డలకు వైద్యం చేశాడు.

ఇప్పుడు వాడేది అమినోలెవులినిక్ ఆమ్లం. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో మన కణాలు వాడుకునే పదార్థమే ఇది. లేపనంగా రాస్తే కొన్ని గంటల్లో చెడిన కణాల్లో ప్రోటోపార్ఫిరిన్‌గా మారి, ఆరోగ్యమైన కణాల్లో కన్నా ఎక్కువగా పేరుకుంటుంది. దానిపై తగిన రంగు కాంతి పడితే పక్కనున్న ఆక్సిజన్ తీవ్రరూపం దాల్చి ఆ కణాన్ని చంపేస్తుంది. మంట పుడుతుంది కానీ కోత ఉండదు, మచ్చ పెద్దగా మిగలదు. ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చలకు అమెరికా 1999లో దీన్ని అనుమతించింది.

మరి అంగిలికో? నోటిలోని తెల్ల, ఎర్ర మచ్చలపై వైద్యులు దీన్ని ప్రయత్నించారు. కొన్ని తగ్గాయి, కొన్ని తిరిగొచ్చాయి. కాంతి కొన్ని మిల్లీమీటర్ల లోతుకే పోతుంది. కనుక పలుచని మచ్చకు ఆశ ఉంది, మందమెక్కినదానికి తక్కువ. ఎముకదాకా పాకిన క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్లే దారి. ముక్క తీసి పరీక్షించకుండా దీపం వెలిగించడం ప్రమాదం. చుట్ట మానకుండా దీపం పెట్టించుకోవడం దండగ. 1986లో ప్రచురితమైన అధ్యయనంలో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని పరిశీలించారు. అందులో శ్రీకాకుళం జిల్లావారూ ఉన్నారు. మానమని నచ్చజెప్పినచోట కొత్తగా అంగిలి మచ్చలు రావడం తగ్గింది.

ఎవరి అంగిలి వారికి కనబడదు. అడ్డపొగ తాగే మామ్మ మీ ఇంట్లో ఉంటే, తిట్టకుండా నోరు తెరిపించి, ఫోను లైటు వేసి చూడండి. రెండు వారాలైనా మానని పుండో, ఎర్ర మచ్చో కనిపిస్తే జిల్లా ఆసుపత్రిలో చూపించండి. అవసరమైతే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.