పప్పు ధర మారినప్పుడల్లా కొత్త డిజైన్ అక్కర్లేదు
చిన్న వ్యాపారానికి ఈమెయిల్ న్యూస్‌లెటర్: అపోహలు – వాస్తవాలు

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఆ పేరు చూసి పప్పు కొనేవాళ్లు పరిగి, తాండూరు, వికారాబాద్‌లలోనే లేరు. హైదరాబాద్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. తాండూరు బండల సంగతీ అంతే, కొనేది ఎక్కడో ఇల్లు కడుతున్న కాంట్రాక్టరు. ఇలాంటి దూరపు గిరాకీకి నెలకోసారి ధర, సరుకు, కొత్త పంట కబురు చెప్పడానికి ఈమెయిల్ న్యూస్‌లెటర్ కన్నా చవకైన దారి నాకు కనిపించదు. టెంప్లేట్ ఒక్కసారి పద్ధతిగా చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కానీ దాని చుట్టూ అల్లుకున్న అపోహల వల్ల చాలామంది మొదలే పెట్టరు. పెట్టినవాళ్లూ రెండు మూడు నెలలకే వదిలేస్తారు.

అపోహ: వాట్సాప్ ఉండగా మెయిల్ ఎవరు చూస్తారు?

వాస్తవం: ఊళ్లో గిరాకీకి వాట్సాపే మేలు, అందులో వాదన లేదు. అయితే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్కో జాబితాకు 256 మందే పడతారు. వాళ్లలోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. బండలు కొనే కంపెనీల్లో రేట్లు పోల్చి చూసేవాళ్లకు మూడు నెలల తర్వాత వెతికినా దొరికే రాతపూర్వక ధర కావాలి. అది మెయిల్‌లో ఉంటుంది.

అపోహ: ఫ్లెక్సీ షాపులో చేయించిన జేపీజీని మెయిల్‌లో అతికిస్తే అదే న్యూస్‌లెటర్.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. ఫ్లెక్సీని రోడ్డు మీద దూరం నుంచి చూడటానికి గీస్తారు. దాన్నే ఫోన్ వెడల్పుకు కుదిస్తే ధరల వరుస చీమ తలకాయంత అవుతుంది. ఆఫీసుల్లో వాడే అవుట్‌లుక్ ఇంటర్నెట్ నుంచి దించుకోవాల్సిన బొమ్మల్ని మామూలుగా తనంతట తాను తెరవదు. మెయిలంతా ఒకే బొమ్మయితే అక్కడ కనిపించేది ఖాళీ గడి. బొమ్మలో ఉన్న ఫోన్ నంబరును నొక్కి కాల్ చేయలేరు. మెయిల్ పెట్టెలో ‘కందిపప్పు’ అని వెతికితే ఆ మెయిల్ తగలదు. చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించడానికి అందులో ఏమీ ఉండదు. పైగా కిలోకి ఐదు రూపాయలు మారితే మళ్లీ డీటీపీ షాపుకు పరుగెత్తాలి.

అక్షరాలను అక్షరాలుగానే ఉంచండి. దుకాణం పేరు, ధర, ఫోన్ నంబరు, చిరునామా ఎప్పుడూ టైపు చేసినవే కావాలి. ఫొటో పెడితే, అది తెరుచుకోనప్పుడు దాని స్థానంలో కనిపించే చిన్న వివరణ రాసుకోండి. ‘లోగో’ అని కాదు, ‘కొత్త పంట కందిపప్పు, 5 కిలోల సంచి’ అని.

ఇక్కడ డీటీపీ షాపుల మాట ఒకటి చెప్పాలి. చాలా షాపుల్లో మ్యాటర్ ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు. అచ్చుకు అది భేషైన పనిముట్టే. కానీ ఆ మ్యాటర్‌ను కాపీ చేసి మెయిల్‌లో వేస్తే పిచ్చిగీతలు వస్తాయి, ఎందుకంటే లోపల దాచి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు, సున్నాలు సరిపోయాయో లేదో ఒకసారి చదువుకోవాలి. నాలుగు పేరాలే అయితే ఫోన్‌లో మళ్లీ టైపు చేయడమే నయం.

అపోహ: తెలుగులో పంపితే పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తుంది, ఇంగ్లిషే క్షేమం.

వాస్తవం: ఆ రోజులు పోయాయి. విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచే గౌతమి ఫాంట్ ఉంది, విండోస్ 8 నుంచి నిర్మలా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఐఫోన్లలో తెలుగు ముందే ఉంటుంది. మీరు ముచ్చటపడి ఎంచుకున్న ప్రత్యేక ఫాంట్ మాత్రం దారిలోనే పోతుంది. జీమెయిల్ దాన్ని పక్కనపెట్టి, చదివేవారి ఫోన్‌లో ఉన్న ఫాంట్‌నే చూపిస్తుంది. అందుకే ఏ ఫాంట్ పడినా చెడిపోని డిజైన్ ఎంచుకోవాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల దూరం తెలుగుకు చాలదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షరం 17 పిక్సెళ్లకు తగ్గకుండా, వరుసల ఎడం దానికి 1.6 రెట్లు ఉండేలా పెట్టమంటాను.

ఒక్క జాగ్రత్త. మెయిల్ కోడు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, పూర్తిగా చూడాలంటే నొక్కమంటుంది. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలే, కంప్యూటర్‌కు 21 బైట్లు. అయినా నెలకో పేజీ ఉత్తరం ఆ హద్దు దరిదాపులకు రాదు. బరువు పెంచేది తెలుగు కాదు, వర్డ్ ఫైల్ నుంచి అతికించినప్పుడు వెంట వచ్చే చెత్త కోడు. ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేయండి.

అపోహ: ప్రతి నెలా ఒకే టెంప్లేట్ అయితే జనానికి విసుగు.

వాస్తవం: విసుగు పుట్టించేది చెప్పే కబురు లేకపోవడం. ధర ఎప్పుడూ ఒకే చోట ఉంటే గిరాకీకి వెతుకులాట తప్పుతుంది. టెంప్లేట్ చేయడమంటే రంగులు ఎంచుకోవడం కాదు. ఏది మారదో, ఏది మారుతుందో ముందే తేల్చుకోవడం. పరిగిలో పప్పు, పల్లీలు అమ్మే దుకాణానికి నేనైతే ఇలా చేస్తాను. వెడల్పు 600 పిక్సెళ్లు, ఒకే నిలువు వరుస. పైన దుకాణం పేరు, మారదు. దాని కింద ఈ నెల కబురు, నాలుగు వాక్యాలు, మారుతుంది: కొత్త కంది వచ్చిందా, తేమ ఎలా ఉంది, పప్పు ఎప్పుడు పట్టించారు. తర్వాత ధరల పట్టీ. సరుకు, తూకం, ధర అన్న తలలు మారవు, అంకెలే మారతాయి. ఆ కింద ఒకే బటన్, ‘ఆర్డర్ చేయండి’. రెండు మూడు బటన్లు పెడితే ఏది నొక్కాలో తేలక మానేస్తారు. చివర చిరునామా, ఫోన్, ‘ఇక పంపవద్దు’ లింకు.

చాలామంది పోయిన నెల మెయిల్‌ను కాపీ చేసి దిద్దుతారు. పాత ధర, గడిచిపోయిన తేదీ అందులోనే మిగిలిపోయేది అప్పుడే. అసలు టెంప్లేట్‌ను విడిగా దాచి, మారే ప్రతి చోటా ‘ధర ఇక్కడ’, ‘తేదీ ఇక్కడ’ అని ఎర్రగా రాసి ఉంచండి. నింపడం మరిచిపోతే పంపేముందే కంట్లో పడుతుంది. జీఐ లోగోను మాత్రం అలంకారానికి పెట్టకండి. 1999 నాటి చట్టం కింద అధీకృత వాడుకదారుగా నమోదైనవారికే ఆ హక్కు.

అపోహ: నా కంప్యూటర్‌లో బాగా కనిపిస్తే అందరికీ అలాగే కనిపిస్తుంది.

వాస్తవం: వెబ్‌సైట్‌కు పనికొచ్చే డిజైన్ మెయిల్‌లో నిలవదు. 2007 నుంచి విండోస్‌లోని పాత తరహా అవుట్‌లుక్ మెయిల్‌ను చూపించడానికి వర్డ్ యంత్రాంగాన్నే వాడుతోంది. అందుకే మెయిల్ డిజైనర్లు ఇప్పటికీ టేబుళ్లతోనే కడతారు. రెడీమేడ్ టెంప్లేట్లు ఇచ్చే జోహో క్యాంపెయిన్స్, మెయిల్‌చింప్ వంటివి ఆ తలనొప్పి చాలావరకు తప్పిస్తాయి. అయినా మీకు మీరు పంపుకుని ఒక చవక ఆండ్రాయిడ్‌లో, ఒక ఐఫోన్‌లో, ఒక ఆఫీసు కంప్యూటర్‌లో చూసుకోండి. డార్క్ మోడ్‌లోనూ చూడండి, నల్ల అక్షరాల లోగో అక్కడ మాయమైపోవచ్చు.

అపోహ: ఎవరి అడ్రస్ దొరికినా పంపవచ్చు, జీమెయిల్‌లో బీసీసీ కొడితే సరి.

వాస్తవం: మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. బీసీసీలో వదిలించుకునే లింకూ ఉండదు, దాంతో విసిగినవాళ్లు నేరుగా స్పామ్ అని నొక్కుతారు. ఆ నొక్కుళ్లు పెరిగితే అడిగి చేరినవాళ్లకు కూడా మీ మెయిల్ అందదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఏర్పాటును పంపేవారెవరైనా పెట్టుకోవాలి. రోజుకు ఐదు వేలకు పైగా పంపేవారు రెండూ పెట్టుకోవడంతో పాటు, ఆ రుజువు లేని మెయిళ్లను ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా పెట్టుకోవాలి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఇవ్వాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతాన్ని తాకకూడదు. సొంత డొమైన్ పేరుతో అడ్రస్ తీసుకుంటే ఈ ఏర్పాట్లు తేలిక. న్యూస్‌లెటర్ సేవల ద్వారా జీమెయిల్ అడ్రస్‌తో పంపితే స్పామ్‌లో పడే ముప్పు ఎక్కువ.

అడ్రస్‌ల జాబితాలు కొనడం మరీ తప్పు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతిని మూలం చేసింది. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలని చెప్పింది. బిల్లు రాసేటప్పుడే ‘నెలకోసారి ధరలు మెయిల్ చేయమంటారా?’ అని అడిగి, అవునన్నవారి పేరే రాసుకోండి. అమెరికాలోని గిరాకీకి పంపుతుంటే, అక్కడి 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం మెయిల్‌లో మీ పోస్టల్ చిరునామా ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లోపు తీసేయాలి. టెంప్లేట్ అడుగున పెట్టమన్న చిరునామా, లింకు ఇందుకే.

అపోహ: ఎంతమంది తెరిచారో చూస్తే న్యూస్‌లెటర్ బాగుందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ లెక్కను ఇప్పుడు నమ్మలేం. 2021 నుంచి ఆపిల్ మెయిల్ గోప్యత కోసం బొమ్మల్ని తానే ముందుగా దించుకుంటుంది, మనిషి చూడకపోయినా తెరిచినట్టే లెక్కలో పడుతుంది. బొమ్మలు ఆపేసి చదివినవారు ఆ లెక్కకే రారు. బటన్ నొక్కినవారిని, జవాబు రాసినవారిని, ఆర్డర్ ఇచ్చినవారిని లెక్కపెట్టండి. జవాబు రాసే వీలుండాలంటే పంపే అడ్రస్ ‘నో-రిప్లై’ కాకూడదు. దుకాణంలో ఎవరో ఒకరు రోజూ తెరిచి చూసే అడ్రస్ కావాలి.