కొరియా కొండల్లో చల్లటి ఊరు తేబేక్: బొగ్గు అయిపోయింది, చలి మిగిలింది

కొరియా అనగానే మన ఫోన్లో ఏం కనిపిస్తాయి? సియోల్ వీధులు, కె-పాప్, డ్రామాలు, రామ్యాన్ గిన్నెలు. కానీ ఆగస్టులో సియోల్ వెళ్లొచ్చినవాళ్లని అడిగి చూడండి, ముందు ఉక్కపోత గురించే చెప్తారు. రాత్రి కూడా 25 డిగ్రీల కంటే కిందికి దిగకపోతే దాన్ని అక్కడ ‘ఉష్ణమండల రాత్రి’ అంటారు. వేసవి వస్తే వాతావరణ వార్తల్లో ఈ మాట పదే పదే వినిపిస్తుంది.

అదే ఆగస్టులో, సియోల్‌కి ఆగ్నేయంగా రైల్లో మూడున్నర, నాలుగు గంటలు వెళ్తే ఒక ఊరు వస్తుంది. అక్కడ ఆ ఉష్ణమండల రాత్రులు దాదాపు ఉండవు. దోమలు కూడా బాగా తక్కువ. రాత్రి కిటికీ తెరిచి, దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. ఆ ఊరి పేరు తేబేక్. గాంగ్వన్ ప్రాంతంలో, కొండల మధ్య ఉంటుంది.

ఈ ఎపిసోడ్‌లో మూడు విషయాలు చూద్దాం. ఈ ఊరు ఎందుకంత చల్లగా ఉంటుంది? వెళ్తే ఏం చూడాలి? ఇంత హాయిగా ఉండే ఊరు ఎందుకు ఖాళీ అయిపోతోంది? మూడోది కొంచెం ఓపిగ్గా వినండి. అది తెలియకుండా తేబేక్ వెళ్తే ఫోటోలు వస్తాయి గానీ ఊరు అర్థం కాదు.

ముందు చలి సంగతి. తేబేక్ ఊరి నడిబొడ్డే సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చుట్టూ ఉన్న కొండలు కూడా కలుపుకుంటే సిటీ సగటు ఎత్తు 900 మీటర్ల దాకా వస్తుంది. అంటే మన అరకు అంత ఎత్తు అనుకోండి. ఎత్తుకి వెళ్లే కొద్దీ చలి పెరుగుతుందని మనకి తెలుసు. లెక్క ఏంటంటే, ప్రతి 1000 మీటర్లకి సగటున ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అలా చూస్తే సియోల్‌తో పోల్చితే తేబేక్‌లో నాలుగైదు డిగ్రీలు ఎత్తు వల్లే తగ్గిపోతాయి. పైగా సియోల్‌లో పగలంతా వేడెక్కిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని వదులుతుంది. ఇక్కడ చుట్టూ అడవి, కాబట్టి సూర్యుడు దిగగానే గాలి చల్లబడిపోతుంది.

మరి అరకు అంత ఎత్తే కదా, అంతే చలి ఉంటుందా అంటే, కాదు. అరకు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, తేబేక్ 37 డిగ్రీల దగ్గర ఉంది. అందుకే శీతాకాలం వేరే లెవెల్. జనవరిలో సున్నాకి దిగువనే ఉంటుంది, మంచు పేరుకుంటుంది. ఆ మంచుతోనే పెద్ద పెద్ద శిల్పాలు చెక్కి, తేబెక్‌సాన్ కొండ కింద ప్రతి ఏడాదీ మంచు పండగ చేస్తారు. అప్పుడు వెళ్తే మాత్రం హైదరాబాద్‌లో వేసుకునే స్వెటర్ సరిపోదు. ముందే చెప్తున్నా.

ఇప్పుడు చూడాల్సినవి. మొదటిది ఊరి మధ్యలోనే ఉంది, హ్వాంగ్జి చెరువు. చెరువు అంటే పెద్దగా ఊహించుకోకండి. చిన్న పార్కులో మూడు నీటి గుంటలు, అంతే. కానీ ఇక్కడ రోజుకి 5000 టన్నుల నీళ్లు భూమిలోంచి ఉబికి వస్తాయి. లీటర్లలో చెప్పాలంటే 50 లక్షలు! నక్డొంగ్ నది పుట్టేది ఇక్కడే అని కొరియావాళ్లు చెప్తారు. ఈ చిన్న గుంటలో మొదలైన నీళ్లు దక్షిణానికి 500 కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, బూసాన్ దగ్గర సముద్రంలో కలుస్తాయి.

ఈ చెరువుకి ఒక కథ ఉంది. ఒకప్పుడు ఇక్కడ హ్వాంగ్ అనే పిసినారి ధనవంతుడి ఇల్లు ఉండేదట. భిక్షకి వచ్చిన బౌద్ధ సన్యాసి సంచిలో బియ్యం వెయ్యకుండా పేడ వేశాడట. కోడలు సిగ్గుపడి, ఆ పేడ దులిపేసి, బియ్యం పోసింది. సన్యాసి ఆమెతో, ‘ఈ ఇంటికి రోజులు దగ్గరపడ్డాయి, నా వెంట రా, ఎంత చప్పుడైనా వెనక్కి మాత్రం చూడకు’ అన్నాడు. ఆమె కొండ దాటుతుంటే పెద్ద ఉరుము. వెనక్కి తిరిగి చూసింది, రాయి అయిపోయింది. ఇల్లున్న చోట చెరువు మిగిలింది. ఇలాంటి కథలు మన అమ్మమ్మలు కూడా చెప్పేవాళ్లే కదా.

రెండోది గొమ్న్యోంగ్‌సో. ఇది సియోల్ మధ్యలోంచి పారే హాన్ నదికి పుట్టిల్లు. ఊరికి కొంచెం దూరం, అడవి దారిలో కాసేపు నడవాలి. ఇక్కడ రోజుకి 2000 టన్నుల దాకా నీళ్లు వస్తాయి. ఎండాకాలమైనా, చలికాలమైనా ఆ నీళ్లు 9 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందుకే గడ్డకట్టే చలిలో కూడా రాళ్ల మీద పచ్చటి నాచు కనిపిస్తుంది.

ఈ రెండు నదులకీ మధ్యలో సమ్‌సుర్యోంగ్ అనే కనుమ ఉంది, 900 మీటర్ల పైన. పేరుకి అర్థం ‘మూడు నీళ్ల కనుమ’. ఇక్కడ పడ్డ వాన చినుకు ఒకవైపు జారితే హాన్ నదిలో కలిసి పడమటి సముద్రానికి పోతుంది. ఇంకోవైపు జారితే నక్డొంగ్‌తో దక్షిణ సముద్రానికి. మూడోవైపు జారితే ఓషిప్‌చొన్ అనే వాగుతో తూర్పు సముద్రానికి. ఒక్క అడుగు తేడాలో మూడు సముద్రాలు. దేశం మ్యాప్ ఫోన్లో తెరిచి, ఇక్కడ నిలబడి చూస్తే భలే ఉంటుంది.

అక్కడి నుంచి దగ్గర్లోనే మెబోంగ్‌సాన్ కొండ. పైన గాలిమరలు, వాటి కింద కనుచూపు మేర క్యాబేజీ తోటలు. ఇవి మన గుండ్రటి క్యాబేజీ కాదు, కిమ్చీ చేసే పొడవాటి రకం. దానికి వేడి అస్సలు పడదు. మైదానాల్లో ఎండలకి అది పండని రోజుల్లో, కొరియాకి కిమ్చీ క్యాబేజీ ఇలాంటి ఎత్తైన పొలాల నుంచే రావాలి. చూడ్డానికి వెళ్తే ఆగస్టు మంచి టైమ్. అయితే అవి పొలాలు, పార్కు కాదు. ఫోటో కోసం మొక్కల మధ్యలోకి దిగకండి.

ఇక మూడో ప్రశ్న. ఇంత బాగున్న ఊరు ఎందుకు ఖాళీ అవుతోంది?

తేబేక్ చలి కోసం పుట్టిన ఊరు కాదు, బొగ్గు కోసం పెరిగిన ఊరు. మన కొత్తగూడెం, ఇల్లెందు వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొరియా జపాన్ పాలనలో ఉన్నప్పుడు, 1936లో ఇక్కడ జాంగ్‌సొంగ్ గని మొదలైంది. యుద్ధం తర్వాత కొరియా ఇళ్లలో వంటకీ, నేల కింద వెచ్చదనానికీ వాడింది బొగ్గు దిమ్మలే. చిల్లులున్న గుండ్రటి దిమ్మలు, పాత కొరియా సినిమాల్లో చూసే ఉంటారు. ఆ బొగ్గు ఈ కొండల నుంచే వెళ్లేది. పని కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. 1981లో రెండు గని పట్టణాలని కలిపి తేబేక్‌ని సిటీ చేశారు. 1980ల చివర్లో జనాభా దాదాపు 1,20,000. గని ఊళ్లలో కుక్కలు కూడా పదివేల వాన్ నోటు నోట్లో పెట్టుకుని తిరిగేవని అప్పట్లో సామెతలా చెప్పుకునేవాళ్లు.

తర్వాత ఇళ్లలోకి గ్యాసు, చమురు వచ్చాయి. 1989 నుంచి ప్రభుత్వం లాభం లేని గనులని వరసగా మూయించింది. పని పోతే జనం ఉంటారా? యువత ముందు వెళ్లిపోయింది. ఇప్పుడు జనాభా 40,000 కూడా లేదు. అంటే ముగ్గురున్న చోట ఒక్కరే మిగిలారు. చివరికి 2024లో జాంగ్‌సొంగ్ గని కూడా మూతపడింది. మరుసటి ఏడాది, పక్క ఊరు దోగ్యేలో ఉన్న గని కూడా అదే దారి పట్టింది.

ఈ కథ కళ్లారా చూడాలంటే చొరమ్ వెళ్లండి. అది తేబేక్‌లోనే ఒక పాత గని పేట. వాగు ఒడ్డున వరసగా పాత దుకాణాలు, వాటి వెనక భాగం వాగు మీదకి పొడుచుకొచ్చి, సన్నటి స్తంభాల మీద నిలబడి ఉంటుంది. కొరియావాళ్లు వీటిని ‘మాగ్‌పై పక్షి కాళ్ల’లా ఉన్నాయంటూ ముద్దుగా పిలుస్తారు. జనం ఎక్కువ, చోటు తక్కువ, అందుకే వాగు మీదకి పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు బయట అలాగే ఉంచి, లోపల గని జీవితం చూపించే మ్యూజియం పెట్టారు. ఎదురుగా 1930ల నాటి బొగ్గు శుద్ధి కర్మాగారం కనిపిస్తుంది.

‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ చూసినవాళ్లకి ఒక మాట. అందులో సైనిక శిబిరం, భూకంపం సీన్లు తేబేక్‌లో మూతపడ్డ ఒక గని స్థలంలో వేసిన సెట్‌లో తీశారు. 2016లో సీరియల్ హిట్ అయ్యాక, తీసేసిన సెట్‌ని టూరిస్టుల కోసం మళ్లీ కట్టారు. అక్కడ సెల్ఫీ తీసుకోండి, తప్పేం లేదు. కానీ ఊళ్లోనే ఒక గుట్ట మీద గని కార్మికుల స్మారక స్తూపం ఉంది, 1975లో కట్టింది. ప్రమాదాల్లో పోయిన నాలుగు వేల మందికి పైగా కార్మికుల పేర్లు అక్కడ ఉన్నాయి. సీరియల్‌లో కూలిన బిల్డింగ్ సెట్టింగే, ఇక్కడ కూలిన సొరంగాలు నిజం. రెండూ చూసి రండి.

తిండి విషయానికొస్తే, ఇక్కడి స్పెషల్ ముల్-దక్‌గల్బీ. మామూలు దక్‌గల్బీ పెనం మీద పొడిగా వేపిన చికెన్. తేబేక్‌లో మాత్రం నీళ్లు పోసి, ఆకుకూరలు, నూడుల్స్ వేసి, పులుసులా ఉడికిస్తారు. రోజంతా బొగ్గు ధూళిలో ఉన్నవాళ్ల గొంతుకి పులుసు ఉంటేనే హాయి, అందుకే అలా అలవాటైందని చెప్తారు. మాంసం తిననివాళ్లు గొందురే అనే కొండ ఆకుకూరతో వండిన అన్నం అడగండి.

వెళ్లడం ఎలా? సియోల్‌లో చొంగ్న్యాంగ్ని స్టేషన్ నుంచి తేబేక్‌కి నేరుగా రైళ్లున్నాయి. తూర్పు సియోల్ టెర్మినల్ నుంచి బస్సులూ ఉన్నాయి. దారి కోసం ఫోన్లో నేవర్ మ్యాప్ వేసుకోండి, అక్కడ అదే బాగా పనిచేస్తుంది. మన పాస్‌పోర్టుకి కొరియా వీసా ముందే తీసుకోవాలి. ఊళ్లో బస్సులు ఉన్నా తక్కువే, కాబట్టి టైమ్ చూసుకుని ప్లాన్ చెయ్యండి. వేసవిలోనైనా ఒక జాకెట్ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చెయ్యకండి, ఒక రాత్రి ఉండండి. ఆ చలి తెలిసేది రాత్రే. మీరు అక్కడ పెట్టే రూమ్ డబ్బు, భోజనం డబ్బే ఇప్పుడు ఆ ఊరికి ఆధారం.

చివరగా ఒక్క మాట. బొగ్గు పోయాక తేబేక్‌కి మిగిలిన ఆస్తి చలి. వేసవిలో టూరిస్టులు వచ్చేది దాని కోసమే, క్యాబేజీ పండేది దాని వల్లే. ఇప్పుడు ఆ కొండ మీద కూడా ఎండలు పెరుగుతున్నాయి. క్యాబేజీ కుళ్లిపోవడం, తెగుళ్లు రావడం రైతులకి పెద్ద దిగులైంది. ఒకసారి నేల కింద ఉన్నది పోగొట్టుకున్న ఊరు, రెండోసారి నేల మీద ఉన్న చల్లగాలి కూడా పోగొట్టుకుంటే ఇంకేం మిగులుతుంది? ఆ మొదటి ఆస్తి, అంటే బొగ్గు, మనమంతా కాల్చిందే కదా. ఆ వేడే ఇప్పుడు వాళ్ల కొండ ఎక్కుతోంది. తేబేక్ వెళ్తే ఈ విషయం కూడా గుర్తుపెట్టుకోండి.

ఇవీ ఫ్రెండ్స్, ఈరోజు కబుర్లు. కొరియా వెళ్లాలనుకునే మీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకి పంపించండి. మళ్లీ ఇంకో ఊరితో కలుద్దాం, ఉంటాను!