వార్తల సర్వరు ఆగినప్పుడు

నరసాపురం శివారు పొలమునకు నీరందనిచో రైతు తూము పగులగొట్టడు. కాలువ వెంట నడచి ఏ లాకు మూసియున్నదో చూచును. యూనిక్స్ యంత్రముపై వార్తల సర్వరు ఆగినప్పుడును ఇదే పద్ధతి. 1979లో అమెరికాలో ఊహింపబడిన యూజ్‌నెట్‌లో ఒక సర్వరు నుండి మరియొకదానికి వార్తలు పారును. ఒకటి ఆగినచో దిగువవారికి అందవు. ప్రవాసాంధ్రులు ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాసి సంభాషించిన ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ కూటమియు ఇట్టి కాలువల మీదనే నడచినది.

1992లో వెలువడిన ఐఎన్‌ఎన్ సర్వరును ‘సీటీఎల్‌ఇన్‌డీ మోడ్’ అను ఆజ్ఞతో అడిగినచో, తాను ఏల ఆగినదో చెప్పును. డిస్కు నిండినచో చోటు కల్పింపవలెను. చోటున్నచో ఫైళ్లు ఏ ఖాతా పేరనున్నవో చూడవలెను: ‘న్యూస్’ పేరనుండవలసినవి ‘రూట్’ పేరికి మారినచో సర్వరు వానిలో వ్రాయజాలదు. అందిన వార్తల గుర్తులుండు హిస్టరీ ఫైలును తొందరపడి చెరిపినచో, వచ్చిన వార్తలే మరల వచ్చును. లోపమును వెదకుటయే మరమ్మతులో సగము.